ఈనని వరి మీద టార్పాలిన్

"...గడ్డి అమ్మినవ్ సేటూ, వడ్లు కాదు. గడ్డి పెంచుకునేటందుకు మేము నీ దుకాణం దాకా రావాల్నా?"

"బీక్యా, నోరు జర అదుపుల పెట్టుకో. సంచికి సీలున్నది, నీ చేతిల బిల్లున్నది. మొలక రాలేదా? నాటు పడలేదా? ఈనకపోతే నేనేం జేయాలె, మీ పొలంల కూసోని మంత్రసాని పని జేయాల్నా?"

దుకాణం ముందు మూగినవాళ్ళలో ఎవరో పకపక నవ్వారు. కోదాడ బస్సు దిగి, భుజాన సంచీతో మిర్యాలగూడ బజారులో నడుస్తున్న పుష్పాబాయి ఆ నవ్వు విని ఆగింది. ఉత్త తిట్లయితే ఆగేది కాదు. విత్తనాల దుకాణాల ముందు తిట్లు ఎప్పుడూ ఉండేవే. ఈ నవ్వు మాత్రం తన తండా మీద పడిన నవ్వు. అరుస్తున్నది ఆమె కాకా బీక్యా, తండాకు పెద్ద నోరు. అతని చేతిలో వేర్లతో సహా పీకిన వరి దుబ్బు ఉంది, బురద ఇంకా ఆరలేదు. వెనక తండా మగవాళ్ళంతా ఉన్నారు. అందరికన్నా వెనక ఆమె తండ్రి హేమ్లా నిలబడ్డాడు. రైస్ మిల్లులో బస్తాలు మోసి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, తల రుమాలు నిండా తవుడు దుమ్మే.

అది 1995, ఏప్రిల్ చివర. వేములపల్లి అవతల, కాలువ నీళ్ళు అన్ని ఊళ్ళూ తడిపి ఇక చాలనుకున్న చోట ఉంటుంది వాళ్ళ తండా. వానాకాలంలో ఎలాగో ఒక పంట తీస్తారు. యాసంగికి, అదే రెండో పంటకు, నీళ్ళు అక్కడిదాకా వచ్చిన పాపాన పోలేదు. ఆ ఏడు మాత్రం ఏ అధికారికి ఏం బుద్ధి పుట్టిందో, ఆలస్యంగానైనా చివరి తూము దాకా నీళ్ళు వదిలారు. తండా అంతా పండగ చేసుకుని ఈ దుకాణానికే వచ్చి, వానాకాలంలో తమకు బాగా పండిన సన్నరకమే కావాలని అడిగింది. సేటు ఇచ్చాడు. ఇప్పుడు వేములపల్లి పొలాల్లో కంకులు తలలు వంచుతుంటే తండా పొలాల్లో ఆకు తప్ప ఏమీ లేదు. దట్టంగా, ముదురు పచ్చగా, కళ్ళు చల్లబడేలా పెరిగింది. ఈనే ఊసే లేదు.

పుష్పాబాయి జనాన్ని తోసుకుని వెళ్ళి కాకా చేతిలోని దుబ్బు తీసుకుంది. ఒక పిలకను గోటితో నిలువునా చీల్చింది. లోపల ఆకు, దాని లోపల ఇంకో ఆకు. పిల్ల కంకి జాడ ఎక్కడా లేదు. పురుగు లేదు, తెగులు లేదు. మొక్క నిక్షేపంలా ఉంది.

"ఇత్తనం నకిలీది కాదు కాకా," అంది అందరూ వినేలా.

సేటు ముఖం వెలిగిపోయింది. చూడండి, మీ తండా పిల్లే చెప్తున్నది, యూనివర్సిటీల చదివిన పిల్ల, అని జనం వైపు తిరిగి చేతులు ఊపాడు. లోపలికి కేకేసి ఆమెకు సోడా తెమ్మన్నాడు కూడా.

"సోడా ఆపు సేటూ. ఇత్తనం నిజమైందే. దొంగవు నువ్వు. వానాకాలం ఇత్తనం యాసంగిల అమ్మినవ్."

సేటు సోడా వెనక్కి పంపించాడు. వాళ్ళు అడిగింది తాను ఇచ్చానని, చీర కొనేవాళ్ళను పెళ్ళికా చావుకా అని ఎవరైనా అడుగుతారా అని గొణిగాడు. కానీ ఈలోపే బీక్యా అతన్ని వదిలేసి ఆమె మీదికి తిరిగాడు. కలెక్టరుకు ఇచ్చిన ఫిర్యాదులో నకిలీ విత్తనమని రాయించింది అతనే. వ్యవసాయాధికారి కూడా వచ్చి ఒక మొక్క పీకి చూసి, నకిలీయే అయ్యుంటుందని తల ఊపి పోయాడు. ఇప్పుడు ఇంటిపిల్లే నడిబజారులో కాదంటే ఆ కాగితానికి విలువేముంటుంది.

"నువ్వు ఎవ్వరి దిక్కు మాట్లాడుతున్నవ్ పుష్పా?"

"వరి దిక్కు."

ఆ మాటతో తండా ఆమెకు దూరమైంది. సాయంత్రం ఇంటికి వెళ్ళే సరికి సేటు దగ్గర ఆమె ఏదో తీసుకుందన్న మాట ఆమెకన్నా ముందే అక్కడికి చేరింది.

ఇంతకీ ఈ పుష్పాబాయి ఏం చదివింది, ఏం చేస్తుంది అంటే తండాలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, యూనివర్సిటీలో ఆమె గైడుకే సరిగా తెలియదు. సూర్యాపేట హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. లంబాడీ పిల్లకు టీచరు ట్రైనింగ్ చాలని వార్డెను అంటే, చాలదని మొహం మీదే చెప్పి బోటనీ తీసుకుంది. హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసి రిసెర్చిలో చేరింది. మొక్కలో ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో ఎవరు నిర్ణయిస్తారన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న.

ప్రశ్న వినడానికి పెద్దది. అడిగితే మాత్రం ఆమె తండా మాటలోనే చెబుతుంది. ఆకులో ఉన్న జన్యువులే వేరులోనూ ఉంటాయి, గింజలోనూ ఉంటాయి. కాలువ నిండా నీళ్ళున్నట్టే. నీళ్ళున్నంత మాత్రాన పొలం తడవదు, నీళ్ళు వదిలే లష్కరు వచ్చి తూము షట్టరు ఎత్తాలి. ప్రతి జన్యువుకూ ముందు అలాంటి తూమొకటి ఉంటుంది. దాన్ని ఎత్తే చెయ్యి ఏది, ఎప్పుడు వస్తుంది, ఏం చూసి వస్తుంది అన్నదే పరిశోధన. కాలువ చివరన పుట్టిన మనిషికి ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

ఇబ్బందల్లా ఆమె దాన్ని వెతికిన తీరుతో వచ్చింది. లాబులో ఆమెకు దొరికేది గాజు గొట్టాలు కడిగే పని. ఖరీదైన మందులు, యంత్రాలు ఇంకొకరి పేరు మీద ఉండేవి. విదేశీ పత్రికల్లో మాత్రం జన్యువుల అక్షరాలు పేజీలకు పేజీలు అచ్చవుతుండేవి. ఏ, టీ, జీ, సీ, ఆ నాలుగు అక్షరాలే చీమల బారులా. చాలామంది ఆ పేజీలు తిప్పేసేవాళ్ళు. పుష్పాబాయి వాటిని జిరాక్సు తీయించింది. ఫెలోషిప్పు గడువు అయిపోయి సూర్యాపేట ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో, సెలవు దొరికితే చాలు ఆ కాగితాలు పట్టుకుని కోదాడ వెళ్ళేది. అక్కడ బస్టాండు వెనక రాజారత్నం అనే ఆయన కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. ఇంజనీరింగు పిల్లలు లేని వేళల్లో ఆమెకో యంత్రం వదిలేవాడు.

అక్షరాలు కొట్టడం పెద్ద తలనొప్పి. కళ్ళు జారి ఒక వరుస వదిలేస్తే మొత్తం గల్లంతే. మొదట్లో అలా గల్లంతై, లేని పోలిక ఉన్నట్టు కనిపించి, తర్వాత తప్పు తనదేనని తెలిసి ఆమె తల పట్టుకుంది. అప్పుడామెకు తండ్రి మిల్లు గుర్తొచ్చింది. అక్కడ బస్తాలు ఎక్కించేటప్పుడు ఒక హమాలీ రాగం తీసి లెక్క పాడుతాడు, రెండోవాడు అదే లెక్క తిరిగి పాడి బస్తా దించుతాడు. లెక్క తప్పితే రాగం తప్పుతుంది, తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. రాజారత్నాన్ని అలా చదవమంది. ఆయన చర్చిలో పాటలు పాడే మనిషి. ఏటీజీసీలు రాగం మీద అందుకున్నాడు. ఆమె తిరిగి పాడుతూ కొట్టేది. కుర్రాళ్ళు తలుపు దగ్గర చేరి, "మేడమ్, బీ ఎప్పుడొస్తుందండీ, మేం సగంలో చదువు మానేశాం," అని ఆటపట్టించేవాళ్ళు. బీ ఈ అక్షరమాలలో లేదు, మీకున్న తెలివికి నాలుగు చాలు, అనేది ఆమె తల తిప్పకుండా.

వెలుతురు చూసి మేలుకునే జన్యువుల ముందు భాగాలు, బఠాణీవి, గోధుమవి, వరివి, ఒకదాని కింద ఒకటి పేర్చి పోల్చే ప్రోగ్రాము తనే రాసుకుంది. కరెంటు పోతే రాసింది పోయేది, మళ్ళీ రాసేది. చివరికి బఠాణీలోనూ, దానితో చుట్టరికం లేని వరి గోధుమల్లోనూ జన్యువుకు కాస్త ముందు ఒకే పొట్టి అక్షరాల వరుస మళ్ళీ మళ్ళీ తగిలింది. ఇదే తూమయ్యుంటుందని ఆమెకు అనిపించింది.

హైదరాబాదు తీసుకెళ్ళి చూపిస్తే గైడు కాగితాలు తిప్పి పక్కన పెట్టాడు. ఇది బోటనీ కాదమ్మా, టైపింగు, అన్నాడు. ఇందులో ప్రాణమున్న మొక్క ఏదీ అని అడిగాడు. మొక్క చూపించకపోతే రిజిస్ట్రేషను కొనసాగించలేనన్నాడు. మీ లాబులో నాకు మొక్క ఇవ్వలేదు కదా సార్, అని ఆమె అంటే ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం మూటగట్టుకుని కోదాడ వెళ్ళి, అక్కడినుంచి ఇంటికి వస్తుండగానే మిర్యాలగూడ బజారులో బీక్యా చేతిలో ఆ వరి దుబ్బు కనబడింది.

చూడగానే ఆమెకు అర్థమైంది. ఆ సన్నరకం పగళ్ళు పొట్టిగా అయ్యాకే ఈనుతుంది. వానాకాలంలో నాటితే దసరా వెళ్ళాక పగలు తగ్గుతుంది, కంకి వేస్తుంది. యాసంగిలో ఆలస్యంగా నాటితే, అది ఎదిగే సరికి పగళ్ళు పొడవవుతూ పోతాయి. ఇంకా వేళ కాలేదనుకుంటూ ఆకులు వేస్తూ కూర్చుంటుంది. వేములపల్లి రైతులెవరూ ఈ పొరపాటు చేయరు, రెండు పంటలు తీసినవాళ్ళు కాబట్టి ఏ కాలానికి ఏ వరో వాళ్ళకు తెలుసు. యాసంగే ఎరుగని తండాకు ఎలా తెలుస్తుంది. సేటుకు తెలుసు. పాత సరుకు పోయిందని సంతోషించాడు.

తండాలో ఆ రాత్రి ఆమె చెప్పిందీ ఇదే. ప్రభుత్వం వాళ్ళు పరీక్ష చేస్తే విత్తనం అసలుదేనని తేలుతుంది, నకిలీ అని రాసిన ఫిర్యాదు అక్కడే చస్తుంది, కాలం తప్పించి అమ్మాడని రాయండి అని. బీక్యా వినలేదు. పగలు పొడుగైతే వరికి సిగ్గైతదా అని ఎగతాళి చేశాడు. వడ్లకు గడియారం ఎవరు కట్టారని ఇంకొకడు. తన మాట తప్పైతే తండా మొత్తం నోటికాడి కూడు తానే తీసినట్టు అవుతుందని ఆమెకు తెలుసు. నిజమైనా, కళ్ళతో చూడనిదే ఎవరూ నమ్మరనీ తెలుసు. నోటితో గెలిచే పని కాదనుకుంది.

మర్నాడు తండ్రిని వాళ్ళ పొలంలో ఒక మూల అడిగింది. అక్కడ పాత బావి ఉంది, కాలువ కట్టేసినా కడవలతో తడపొచ్చు. ఆ మూలను గట్టు వేసి రెండు చేసింది. ఒక సగం మామూలుగా వదిలేస్తుంది. రెండో సగానికి పొద్దు వాలకముందే చీకటి చేస్తుంది, పొద్దెక్కాకే వెలుతురు ఇస్తుంది. అంటే ఆ కాస్త వరికి వేసవిలోనే చలికాలపు పగలు. సాయంత్రం హేమ్లా మిల్లు నుంచి చిరుగుల నల్ల టార్పాలిన్ ఒకటి తల మీద పెట్టుకుని వచ్చాడు. ధాన్యం కుప్పలు కప్పీ కప్పీ పనికిరాక పారేసింది.

తల్లి రుక్మాబాయి గట్టు మీద నిలబడి చూసి, "మాకే పక్కా ఇల్లు లేదు, వరికి గుడిసె కడుతున్నవా?" అంది. అన్నది గానీ, బావి దగ్గరికి వెళ్ళి మొదటి కడవ ముంచింది కూడా ఆమే.

మొదటి వారమే దెబ్బ తగిలింది. మే నెల ఎండ. నాలుగు దాటాక కప్పిన నల్ల టార్పాలిన్ కింద వరి ఉడికిపోయింది. ఆకుల కొసలు మాడి ముడుచుకున్నాయి. తండా ఆడవాళ్ళు గడ్డి కోసం వెళ్తూ ఆగి, వరి గింజ పట్టకముందే అన్నం వండుతున్నదని నవ్వారు. బీక్యా అయితే నవ్వలేదు. హేమ్లా దగ్గరికి వచ్చి, పిల్ల మతి చెడగొట్టుకుంది, ఆ మూల కూడా కోసి బర్రెలకు వెయ్యమన్నాడు. మిగిలిన పొలమంతా అప్పటికే గడ్డికి కోసేస్తున్నారు. హేమ్లా తల అడ్డంగా ఊపాడు. బీక్యా మాట కాదనడం అతనికి అదే మొదటిసారి.

పుష్పాబాయి ఆ రోజంతా గట్టు మీదే కూర్చుంది. ఏడ్చిందో లేదో ఎవరూ చూడలేదు, చూసినా ఆమె ఒప్పుకోదు. తర్వాత వెదురు గుంజలు నిలువెత్తున పాతి టార్పాలిన్ను పందిరిలా పైకెత్తింది. దానిమీద తడి గోనెలు పరిచింది. చుట్టూ గోనెల తెర కట్టింది. పొద్దు గూకి బయట చీకటి పడగానే తెరలు తీసి గాలి ఆడనిచ్చేది, తెల్లవారే ముందు మళ్ళీ దించి, పొద్దెక్కాక పైకప్పుతో సహా తీసి ఎండ తగలనిచ్చేది. రోజూ అదే. సూర్యాపేట కాలేజీకి సెలవులు కాబట్టి సరిపోయింది. ఒకసారి గాలిదుమారం వచ్చి పందిరి మొత్తం ఎగిరి పక్క చేలో పడితే, చీర కుచ్చెళ్ళు దోపుకుని పరుగెత్తి తెచ్చి తెల్లారేసరికి కట్టేసింది. నవ్వేవాళ్ళు నవ్వడం కూడా విసుగొచ్చి మానేశారు.

ఈలోపు రాజారత్నం ఒకసారి వచ్చి చూసిపోయాడు. ఇది ఈనితే మీ అక్షరాలు నిజమైనట్టేనా అండీ, అని అడిగాడు. కాదంది. పగలు తగ్గితే వరి ఈనుతుందని మాత్రమే తెలుస్తుంది. షట్టరు లేచిందని తెలుస్తుంది గానీ, లేచింది కోదాడలో కనబడిన ఆ తూము షట్టరేనని చెప్పాలంటే లాబు కావాలి. ఆ లాబు ఎవరిస్తారని ఆయన అడిగితే, ఇయ్యకపోతే గుంజుకుంటా అంది. ఆయన నవ్వలేదు. ఆమె సంగతి ఆయనకు తెలుసు.

మృగశిర కార్తె వస్తుండగా ఒక పొద్దున తెర తీసి చూస్తే ఒక పిలక లావుగా, లోపల కంకి దాచుకున్నట్టు కనబడింది. పొట్ట. ఆమె ఎవరికీ చెప్పలేదు. చీల్చి చూడాలని చేతులు పీకుతున్నా ముట్టుకోలేదు. కొన్నాళ్ళకు ఆకు తొడుగు పగిలి, పాలపచ్చగా, సన్నగా కంకి బయటికి వచ్చింది. పక్కది, దాని పక్కది. కొసలు మాడిన ఆకుల మధ్య నుంచే వచ్చాయి. గట్టుకు ఇవతల సగంలో, అదే విత్తనం, అదే నీళ్ళు, అదే మట్టి, ఒక్క కంకి లేదు. పచ్చగా మెరిసిపోతూ ఆకులు వేస్తూనే ఉంది.

సేటు తండాకు వచ్చింది ఆ రోజుల్లోనే. పరీక్ష రిపోర్టు వచ్చింది, విత్తనం అసలుదేనని తేలింది. ఆ కాగితం పట్టుకుని, తోడుగా వ్యవసాయాధికారిని వెంటబెట్టుకుని జీపు దిగాడు. ఫిర్యాదు వాపసు తీసుకున్నట్టు వేలిముద్రలు వేయమన్నాడు. బీక్యా ముఖంలో నెత్తురు లేదు. అతను తల ఎత్తి వెతికింది పుష్పాబాయినే.

ఆమె వాళ్ళను పొలానికి తీసుకుపోయింది. తండా మొత్తం వెనకే నడిచింది. గట్టు మీద నిలబెట్టి, తెరలు తీసేసింది. అధికారి వంగి ఇటు సగంలో ఒక మొక్క, అటు సగంలో ఒక మొక్క చీల్చి చూసి, రెండూ ఒకటే విత్తనమా అని రెండుసార్లు అడిగాడు. బీక్యా కంకిని వేళ్ళతో పట్టుకుని, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు కాసేపు వదల్లేదు. తర్వాత సేటు వైపు తిరిగాడు.

"మా పిల్ల ఆనాడే చెప్పింది. ఇత్తనం నకిలీ కాదు, నువ్వు నకిలీ. గిప్పుడు గదే రాయిస్త. ఈ సారు సాక్షి, ఈ వరి సాక్షి."

సేటు లెక్క తెలిసిన మనిషి. చుట్టుపక్కల తండాలన్నీ తన దుకాణం మీదే బతుకుతున్నాయని కాదు, తన దుకాణమే ఆ తండాల మీద బతుకుతున్నదని ఆ గట్టు మీద అతనికి గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించాడు. కోర్టులూ కాగితాలూ ఎందుకు, వానాకాలం విత్తనం అందరికీ ఊరికే ఇస్తాను, ఎరువు కూడా సగం నాది అన్నాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది ఒప్పుకోవాలా వద్దా అన్నది తండా తేల్చుకుంటుంది, తన ఫిర్యాదు తాను విడిగా రాస్తున్నానని పుష్పాబాయి చెప్పేసింది. హైదరాబాదులో గైడుకు ఆమె ముందే కబురు పెట్టింది, ప్రాణమున్న మొక్క ఉంది, వచ్చి చూడమని. ఆయన ఇంకా రాలేదు. రాకపోతే దుబ్బు పెకలించి కుండలో పెట్టుకుని బస్సెక్కి ఆయన టేబుల్ మీదే పెడతానంది. కుండ అప్పటికే కొనుక్కొచ్చింది.

సేటు జీపు దగ్గర ఆగి వెనక్కి వచ్చాడు. అందరిముందు మెత్తబడిన మనిషి ఆమె ఒక్కదాని ముందు ఇంకా మెత్తబడ్డాడు. నీకేం గావాలె బిడ్డా, నువ్వు అడగలే, అన్నాడు.

పుష్పాబాయి టార్పాలిన్ మడతపెడుతూ ఉంది. ఒక కొస కాలి కింద తొక్కిపట్టి, రెండో కొస దులిపింది.

"ఒక్కటే సేటూ. ఇగనుంచి ఎవ్వలు ఇత్తనం అడిగినా, ఏ కాలానికని నువ్వు ముందు అడుగు. సదువొచ్చినోనికి సంచి మీద రాసియ్యి, రానోనికి నోటితోని చెప్పు. లంబాడీ బాసల అయినా సరే, రాకపోతే నేర్చుకో, నేను నేర్పిస్త. అడగకుండ ఒక్క సంచి అమ్మినా, గీ టార్పాలిన్ తెచ్చి నీ దుకాణం మీద కప్పుత."